బరంపురంలో దంతవైద్యుల రిజిస్ట్రేషన్ పనులు చేసిపెట్టే సేవా కేంద్రం: ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం

ఒడిశాలోని బరంపురంలో, పాత బస్టాండు పరిసరాల్లో, జిరాక్సు దుకాణాల వరసలో, వైద్యుల లైసెన్సు కాగితాలన్నీ చేసిపెట్టే సేవా కేంద్రం ఒకటి ఉంది. ఊళ్లో దంతవైద్యులలో తెలుగువారికి, ముఖ్యంగా ఆంధ్రా వైపు చదువుకుని ఇటు వచ్చి స్థిరపడిన వారికి, అది బాగా తెలిసిన చోటే. నేను నా రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కూ, మా మరదలి రిజిస్ట్రేషన్‌ను ఆంధ్రప్రదేశ్ నుంచి ఒడిశాకు బదిలీ చేయించడానికీ, క్లినిక్కుకు కావలసిన మరికొన్ని అనుమతులకూ అక్కడికే వెళ్లాను. వారి పనితనం గురించి మొత్తంగా ఒక మార్కు వేయడం కుదరదు. ఒక రకం పనికి వారిని మించిన వారు ఈ చుట్టుపక్కల లేరు. మరో రకం పనికి వారికి డబ్బు కట్టడం శుద్ధ దండగ. రెండింటినీ ఒకే కౌంటరు మీద, ఒకే మాటతో అమ్ముతారు కనుక ఏది ఏదో ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

మామూలు రెన్యువల్ సంగతి ముందు చెబుతాను. దంతవైద్యుల రిజిస్ట్రేషన్‌కు ఏడు దశాబ్దాలకు పైగా ఆధారమైనది 1948 నాటి దంతవైద్యుల చట్టం. దాని 39వ సెక్షను ప్రకారం, పేరు మొదటిసారి నమోదైన సంవత్సరానికి తరువాతి సంవత్సరం డిసెంబరు 31 దాటాక కూడా ఆ పేరు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్టరులో నిలవాలంటే ఏటా రెన్యువల్ రుసుము చెల్లించాలని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఆదేశించవచ్చని ఉండేది. గడువులోగా కట్టని వారి పేరును రిజిస్ట్రార్ తొలగించేవారు. నిర్ణీత పద్ధతిలో రుసుము కడితే తిరిగి చేర్చేవారు. అంటే రెన్యువల్‌లో ప్రధానమైనది రుసుము, దానికి దరఖాస్తు, పాత సర్టిఫికెట్టు నకలు, ఫోటో. చిరునామా మారకుండా, పేరు మారకుండా, చదివిన రాష్ట్రంలోనే ప్రాక్టీసు చేస్తున్న డాక్టరుకు ఇందులో మరొకరి సాయం అవసరమయ్యే అంశం ఏదీ లేదు. సేవా కేంద్రం వారు ఈ పనికి ప్రభుత్వ రుసుము కాక 1,500 రూపాయలు తీసుకున్నారు. దానికి బదులుగా చేసింది దరఖాస్తు నింపడం, స్కాన్ చేయడం, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టడం. ఇంకో పని కూడా చేశారు, అది చెప్పకపోతే అన్యాయమవుతుంది: గడువు దగ్గర పడుతోందని వాట్సాప్‌లో ముందుగా గుర్తు చేశారు. కానీ చాలా రాష్ట్రాల్లో కొన్నేళ్ల రుసుము ఒకేసారి కట్టే వీలు ఉంది కనుక, గోడ మీది క్యాలెండరులో ఒక గుర్తు పెట్టుకుంటే ఆ సేవ కూడా ఉచితంగానే దొరుకుతుంది. ఈ భాగానికి నేను మళ్లీ వారి దగ్గరికి వెళ్లను.

బదిలీ సంగతి పూర్తిగా వేరు. మా మరదలు బి.డి.ఎస్. చదివింది ఆంధ్రాలో, పెళ్లి చేసుకుని వచ్చింది బరంపురానికి. ఇచ్ఛాపురం దాటితే రాష్ట్రం మారుతుందన్నది బస్సులో కూర్చున్నవారికి పెద్దగా తెలియకపోవచ్చు గాని, డెంటల్ కౌన్సిల్ రిజిస్టరుకు మాత్రం అది చాలా పెద్ద దూరం. 1936లో గంజాం జిల్లాలో ఎక్కువ భాగం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒరిస్సాలో చేరిన నాటి నుంచీ ఇక్కడి తెలుగు కుటుంబాల చుట్టరికాలు గీతకు రెండు వైపులా నడుస్తూనే ఉన్నాయి. లైసెన్సులు అలా నడవవు. మేము వెళ్లినప్పటి 1948 చట్టంలో 46ఏ సెక్షను ఇందుకోసమే ఉండేది: ఒక రాష్ట్రంలో నమోదై మరో రాష్ట్రంలో ప్రాక్టీసు చేస్తున్న దంతవైద్యుడు తన పేరును మొదటి రిజిస్టరు నుంచి రెండవ రిజిస్టరుకు మార్చమని భారత దంతవైద్య మండలికి, అంటే ఢిల్లీలోని అప్పటి డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, దరఖాస్తు చేసుకోవచ్చని. మార్చమని ఆదేశించేది ఢిల్లీ, పేరు తీసేది ఒక రాష్ట్రం, పేరు చేర్చేది మరో రాష్ట్రం. ఈ ముగ్గురికీ ఏ కాగితం ఏ వరసలో వెళ్లాలన్నదే అసలు విద్య, ఆ విద్య ఈ కేంద్రం వారి దగ్గర నిండుగా ఉంది.

కౌంటరు వెనుక కూర్చునే పెద్దాయన మా మరదలి సర్టిఫికెట్టు చేతిలోకి తీసుకోగానే, మరేమీ చదవకుండా, ముందు తేదీ చూశారు. 2014 జూన్ 2కు ముందుదా, తరువాతదా అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఆ తేదీకి ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిలు హైదరాబాదు నుంచి ఇచ్చిన సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చేవారు, తమ ఫైలు విషయం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ కౌన్సిలును అడగాలో తెలంగాణ కౌన్సిలును అడగాలో తేల్చుకోక, ఉత్తరం ఒక చోటికి రాసి జవాబు కోసం ఇంకో చోట ఎదురుచూస్తూ నెలలు పోగొట్టుకుంటారట. రెండవ ప్రశ్న రెన్యువల్ ఎప్పటి వరకు కట్టారని. పాత రాష్ట్రంలో బకాయి ఉంటే బదిలీ ముందుకు సాగదు. కాబట్టి వదిలిపోయే రిజిస్టరులోనే ముందు బాకీ తీర్చి, రసీదు తెచ్చుకుని, బకాయిలు లేవన్న ధ్రువపత్రమూ, క్రమశిక్షణ చర్యలేవీ లేవని తెలిపే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్టూ తీసుకుని, ఆ తరువాతే ఢిల్లీకి దరఖాస్తు పెట్టాలి. "ఎలాగూ వదిలేస్తున్నాం కదా, అక్కడ మళ్లీ రెన్యువల్ ఎందుకు?" అని మా మరదలు అడిగింది. చాలామంది అక్కడే ఆగిపోతారని ఆయన అన్నారు.

అయితే ఆయన నైపుణ్యం నిజంగా కనిపించింది ఇంటిపేరు దగ్గర. మన వైపు డిగ్రీ పట్టా మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది. పదవ తరగతి మెమోలో అదే ఇంటిపేరు పూర్తిగా, అదీ ముందే ఉంటుంది. ఆధార్‌లో ఎవరు ఎలా టైపు చేస్తే అలా ఉంటుంది. పెళ్లయిన తరువాత కొన్ని కాగితాల్లో అత్తవారి ఇంటిపేరు చేరుతుంది. ఇక దరఖాస్తు ఫారంలోనేమో మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గళ్లు ఉంటాయి. సాహు, పట్నాయక్, పాణిగ్రాహి వంటి పేర్లు చివరన రావడం అలవాటైన చోట, వెంకటలక్ష్మి అన్న పేరును విడదీసి రాస్తే లక్ష్మి అన్నది వంశనామంగా మారిపోతుంది. ఆ పెద్దాయన నలిగిన నోటుపుస్తకంలో ఒక పేజీ తీసి, మా మరదలి కాగితాలన్నింటిలో పేరు ఏ ఏ రూపాల్లో ఉందో ఒకదాని కింద ఒకటి రాశారు. నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంది. "ఇంటిపేరు ముందుకొచ్చిందంటే కాగితం వెనక్కొచ్చేసినట్టే, డాక్టరమ్మా," అన్నారు నవ్వుతూ. తరువాత, పట్టాలో ఉన్న రూపాన్నే మూలంగా తీసుకుని, మిగిలినవన్నీ ఆ ఒక్క వ్యక్తివేనని చెప్పే అఫిడవిట్టు తయారుచేసి, నోటరీ దగ్గర సంతకం చేయించి, ఆ అఫిడవిట్టు నకలును ప్రతి దరఖాస్తుకూ విడివిడిగా జతచేశారు. పేరు తేడా గురించి ఎవరూ అడగకముందే సమాధానం పంపడమన్నమాట. దరఖాస్తు ఎక్కడా పేరు కారణంగా తిరిగి రాలేదు. బదిలీకి వారు తీసుకున్న 6,000 రూపాయలలో సగం ఈ ఒక్క పేజీకే ఇచ్చాననుకున్నా నాకు బాధ లేదు.

బదిలీ పూర్తయిన తరువాత చేయవలసిన పనిని కూడా వారే గుర్తు చేశారు. కొత్త రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ నంబరు మారుతుంది. దంతవైద్యుల నైతిక నియమావళి ప్రకారం ఆ నంబరు క్లినిక్కులో కనిపించేలా ఉంచాలి, ప్రిస్క్రిప్షన్ మీదా రసీదుల మీదా ఉండాలి. కాబట్టి పాత నంబరుతో వేయించిన చీటీల కట్టలన్నీ పక్కన పెట్టి కొత్తవి వేయించుకోవాలి, బోర్డు మీద అంకె మార్పించాలి, రబ్బరు స్టాంపు కొత్తది చేయించాలి. ఇవి చిన్న పనులే గాని, రోగి ఎవరైనా బీమా కోసమో ఆఫీసులో రీయింబర్స్‌మెంట్ కోసమో బిల్లు పెట్టినప్పుడు అక్కడి గుమస్తా ముందు చూసేది ఆ అంకెనే. ఇదే ధోరణిలో మరో మాట: 2011కు ముందు ఇక్కడ రిజిస్ట్రేషన్ పొందిన వారి సర్టిఫికెట్ల మీద రాష్ట్రం పేరు ఒరిస్సా అనే ఉంటుంది. దాన్ని మార్పించుకోవాలని కొందరు కంగారు పడుతుంటారు. కేంద్రం వారు అలాంటి కంగారును సొమ్ము చేసుకోకుండా, మామూలు రెన్యువల్‌కు అది అడ్డం కాదని చెప్పి పంపించడం నేను స్వయంగా విన్నాను. ఇది వారి పక్షాన చెప్పవలసిన మాట.

వారి పక్షాన చెప్పలేని మాటలు కూడా ఉన్నాయి. గోడకు వేలాడదీసిన ధరల బోర్డులో "లైసెన్సు ప్లస్ అసోసియేషన్" అని ఒక వరస ఉంది. కొత్తగా చదువు ముగించి వచ్చిన పిల్లలు దాన్ని చూసి రెండూ ఒకటేనని, లేదా ఒకటి లేకపోతే రెండవది రాదని అనుకుంటారు. అలా అనుకోనివ్వడమే ఆ వరస ఉద్దేశమని నాకు అనిపిస్తుంది. రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ అనేది చట్టం సృష్టించిన సంస్థ. రిజిస్టరులో పేరు చేర్చడం, తీసేయడం, క్రమశిక్షణ చర్య తీసుకోవడం దాని అధికారం. ఇండియన్ డెంటల్ అసోసియేషన్, దాని రాష్ట్ర శాఖలు, స్థానిక శాఖలు దంతవైద్యులు తమంతట తాము చేరే సంఘాలు. దానిలో సభ్యత్వం తీసుకోకపోయినా ప్రాక్టీసుకు చట్టపరమైన అడ్డంకి ఏమీ లేదు. సభ్యత్వం ఎన్నేళ్లుగా ఉన్నా కౌన్సిలు రెన్యువల్ కట్టకపోతే అది రక్షించదు. ఇలా చెప్పడం వల్ల నేను అసోసియేషన్‌ను తక్కువ చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నేను దానిలో సభ్యుడినే. పాఠశాలల్లో దంత పరీక్షా శిబిరాలు, తోటి వైద్యులతో కేసుల చర్చ, కొత్త చట్టాల గురించి సమాచారం, రోగితో వివాదం వచ్చినప్పుడు సలహా అడగడానికి ఒక పెద్ద దిక్కు, ఇవన్నీ అక్కడ దొరుకుతాయి. బరంపురం వంటి ఊరిలో ఒంటరిగా క్లినిక్కు నడిపేవారికి అది చాలా అవసరం కూడా. కానీ చేరదలచినవారు నేరుగా స్థానిక శాఖ కార్యదర్శిని కలిసి చేరవచ్చు. మధ్యలో ఒక దుకాణానికి సేవా రుసుము ఎందుకు ఇవ్వాలో నాకు అర్థం కాలేదు. నా రసీదులో ప్రభుత్వ రుసుమునూ వారి రుసుమునూ వేరువేరుగా రాసి ఇవ్వమని అడిగితే రాసి ఇచ్చారు. అడగనివారికి మొత్తం కలిపి ఒకే అంకె వేసి ఇస్తున్నారు.

నిరంతర దంత విద్య పాయింట్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చదువు అయిపోయాక కూడా దంతవైద్యులు గుర్తింపు పొందిన కార్యక్రమాలకు హాజరై పాయింట్లు సంపాదించాలని డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2007లో నిబంధనలు చేసింది. రెన్యువల్ సమయంలో వాటిని ఎంత గట్టిగా అడుగుతారన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాబట్టి హాజరైన ప్రతి కార్యక్రమం సర్టిఫికెట్టునూ, దానిమీద కౌన్సిలు మంజూరు చేసిన పాయింట్లు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకుని, ఒక ఫైలులో దాచుకోవడమే ఉత్తమం. ఈ కేంద్రంలో పనిచేసే ఒక కుర్రవాడు, పాయింట్లు తక్కువైతే "చూద్దాం లెండి, ఏదో ఒకటి సర్దుదాం" అన్నాడు. అతని ఉద్దేశం ఏమిటో నేను అడగలేదు, అడిగే అవసరమూ లేదు. హాజరు కాని కార్యక్రమానికి సర్టిఫికెట్టు పెట్టడమంటే తప్పుడు పత్రంతో లైసెన్సు నిలుపుకోవడం. దాని ఫలితం అనుభవించేది సంతకం పెట్టిన డాక్టరు తప్ప స్కాన్ చేసిన కుర్రవాడు కాడు. ఆ మాట విన్న తరువాత పాయింట్ల కాగితాలు నేను వారి చేతికి ఇవ్వలేదు, నేనే జతచేసుకున్నాను.

కొత్త చట్టం పేరు చెప్పి తొందరపెట్టడం కూడా అక్కడ వింటాము. 1948 చట్టాన్ని రద్దు చేసి దాని స్థానంలో జాతీయ దంత కమిషన్‌ను నెలకొల్పే చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. ఆ ఏడాది ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదమూ లభించింది. అందులో మూడు బోర్డులు ఉంటాయి. వాటిలో నైతికత, రిజిస్ట్రేషన్ వ్యవహారాలు చూసే బోర్డు జాతీయ రిజిస్టరును నిర్వహిస్తుంది. రాష్ట్ర కౌన్సిళ్లు తమ రిజిస్టర్లను ఆన్‌లైన్‌లో ఉంచి దానితో అనుసంధానిస్తాయి. చదువు పూర్తిచేసే వారికి నెక్స్ట్ డెంటల్ అనే జాతీయ పరీక్ష కూడా ఆ చట్టంలో ఉంది. "ఇప్పుడే చేయించుకోకపోతే పెద్దవాళ్లు కూడా పరీక్ష రాయాలి" అని ఎవరైనా కౌంటరు దగ్గర అంటే నమ్మనవసరం లేదు. ఆ పరీక్ష కొత్తగా లైసెన్సు పొందేవారికోసం. అది అమలులోకి రాకముందే రిజిస్టరులో ఉన్నవారు కొత్త చట్టం కింద కూడా నమోదైనట్టే పరిగణన పొందుతారు. మేము ఈ కేంద్రంలో చేయించుకున్న పనులన్నీ పాత చట్టం పద్ధతిలోనివే కనుక, వెళ్లేవారు తమ దరఖాస్తు ఏ చట్టం కింద, ఏ ఫారంలో వెళుతోందో కౌన్సిలునే అడిగి తెలుసుకోవాలి.

క్లినిక్కు అనుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒడిశాలో 1990 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్ట్రేషను, జీవ వైద్య వ్యర్థాల 2016 నియమాల కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, దంత ఎక్స్‌రే యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి రిజిస్ట్రేషను, ఇవి మూడూ డాక్టరు లైసెన్సుకు అదనం. కేంద్రం వారు మూడింటినీ సకాలంలో చేశారు. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు ఎక్కడ ఉంచాలో కూడా కాగితం మీద గీసి ఇచ్చారు. నాకు నచ్చని పద్ధతి ఇక్కడే బయటపడింది. ఎక్స్‌రే రిజిస్ట్రేషన్‌కు అణుశక్తి నియంత్రణ మండలి వారి ఈ-లోరా అనే పోర్టల్‌లో ఖాతా తెరవాలి. ఆ ఖాతాలో వారు పెట్టినది వారి ఫోను నంబరు, వారి ఈమెయిలు. పాస్‌వర్డు వారి నోటుపుస్తకంలో ఉంది. అంటే ఆ మండలి నుంచి వచ్చే ప్రతి హెచ్చరికా ముందు దుకాణానికి వెళుతుంది, వారికి తీరిక ఉన్నప్పుడు నాకు చేరుతుంది. అడిగిన తరువాత మార్చారు, కానీ "ఎందుకు డాక్టరు గారూ, మేం చూసుకుంటాం కదా" అన్న మాటతో. అసలు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టును కూడా పని అయిపోయాక చాలా రోజులు తమ బీరువాలోనే ఉంచుకున్నారు. అసలు పత్రాలు ఇచ్చేటప్పుడు వాటి జాబితా రాసి, తీసుకున్నట్టు వారి చేత సంతకం చేయించుకోవాలి. ఖాతా తెరిచే రోజున మీ ఫోను వెంట ఉంచుకుని, ఓ.టి.పి. మీకే వచ్చేలా చూసుకోవాలి.

మొత్తానికి వేరే రాష్ట్రం నుంచి పేరు మార్పించుకోవలసినవారు, పేరు కాగితానికొక రకంగా ఉన్నవారు, 2014కు ముందు హైదరాబాదు సర్టిఫికెట్టు ఉన్నవారు ఈ కేంద్రానికి వెళ్లవచ్చు. ఆ కౌంటరు వెనుక ఉన్న పెద్దాయననే అడగాలి, కుర్రవాళ్లను కాదు. ఆయన మధ్యాహ్నం భోజనానికి వెళ్లి సాయంత్రం దాకా రారు కనుక ఉదయం పూటే వెళ్లడం మేలు. డిసెంబరు నెలలో మాత్రం వెళ్లమని ఎవరికీ సలహా ఇవ్వను. ఏడాది ముగుస్తుండటంతో ఆ నెల చివరి వారాల్లో రెన్యువల్ ఫైళ్లు కౌంటరు మీద గుట్టలుగా పేరుకుపోతాయి, బదిలీ ఫైలు ఆ గుట్ట అడుగున పడుతుంది. బకాయి ఉన్నవారు ఆ ఒక్క రుసుమునూ డిసెంబరుకు ముందే తామే కట్టుకుని, రసీదుతో సంక్రాంతి దాటాక వెళితే బదిలీ పని మీద ఆయన తీరిగ్గా కూర్చుంటారు.